ఆరు క్లబ్బులకు అరకిలో సంచి: మడత గోల్ఫ్ బ్యాగు బలం ఎక్కడుంది?

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఉంటూ గోల్ఫ్ ఆడేవాళ్లలో ఎక్కువమందికి దారి విశాఖ వైపే. ఆనందపురం మీదుగా వెళ్లే బస్సులో హనుమంతవాక దగ్గర దిగి, ఆరిలోవ మీదుగా ముడసర్లోవ గోల్ఫ్ కోర్సుకు ఆటో ఎక్కాలి. శ్రీకాకుళం వాళ్లు రైలుకు వద్దామనుకుంటే ఇంకో మెలిక ఉంది: శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఆట మొదలవకముందే రెండు మూడు బళ్లు మారాలన్నమాట. పది కిలోల పెద్ద బ్యాగు భుజాన వేసుకుని ఈ ప్రయాణం ఒకసారి చేసినవాళ్లు రెండోసారికి వెనకాడతారు. కారున్నవాళ్ల సంగతి వేరు, డిక్కీలో ఏదైనా పడుతుంది. బస్సునో రైలునో స్కూటరునో నమ్ముకుని వెళ్లి, తొమ్మిది హోల్స్ (గుంటలు) నడిచి ఆడి, చీకటి పడేలోగా తిరుగు బస్సు అందుకోవాలనుకునేవాళ్లకు కావలసింది ఐదారు క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) పట్టే, పని అయ్యాక చుట్ట చుట్టి మంచం కింద దోపేయగల తేలిక బ్యాగు. దుకాణాల్లో దీన్ని సండే బ్యాగ్ అనీ, పెన్సిల్ బ్యాగ్ అనీ అమ్ముతారు.

కొనేవాళ్లు మొదట అడిగేది బ్యాగు బరువెంత అని. అది సగం ప్రశ్నే. స్టీల్ షాఫ్ట్ (కర్ర భాగం) ఉన్న 7 ఐరన్, అంటే మధ్య దూరాలకు వాడే ఇనుప తల క్లబ్, సుమారు 430 గ్రాములు తూగుతుంది. ఇసుక గుంటల్లోంచి బంతి లేపే శాండ్ వెడ్జ్ 460 దాకా, గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద బంతిని దొర్లించే పుటర్ 500 పైన. దూరపు మొదటి దెబ్బకు వాడే డ్రైవర్ చూడ్డానికి పెద్దదే గానీ 310 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. పద్నాలుగు క్లబ్బులూ కలిపితే ఐదున్నర నుంచి ఆరు కిలోలు. కాళ్లున్న స్టాండ్ బ్యాగు మరో రెండు, రెండున్నర. డజను బంతులు అర కిలో పైనే, ఎందుకంటే నియమం ప్రకారం ఒక్కో బంతి 45.93 గ్రాములు మించకూడదు, తయారీదార్లు ఆ హద్దుకు దగ్గరగానే చేస్తారు. నీళ్లు, గొడుగు, తువ్వాలు చేరేసరికి పది కిలోలు.

ఇందులో బ్యాగు మార్చితే తగ్గేది ఒకటిన్నర, మహా అయితే రెండు కిలోలు. క్లబ్బులు పద్నాలుగు నుంచి ఆరుకు దించితే మూడు కిలోలకు పైగా తగ్గుతుంది. తేలిక బ్యాగు కొని అందులో పన్నెండు క్లబ్బులు కుక్కేవాళ్లకు రెండు విధాలా నష్టమే: మూతి సాగిపోతుంది, పట్టీ భుజం కోస్తుంది, బరువు మాత్రం పెద్దగా తగ్గదు. కాబట్టి మడత బ్యాగును అంచనా వేసేటప్పుడు చూడాల్సింది తూకం ఒక్కటే కాదు. గుడ్డకు సొంతంగా నిలబడే శక్తి లేదు గనక, ఆరు క్లబ్బులు పెట్టాక అది ఎలా నిలుస్తోంది, ఎలా వేలాడుతోంది అన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గేదీ ఓడేదీ నాలుగు చోట్ల: వెన్ను (లోపలి ఊచ), మూతి, పట్టీ, అడుగు.

ఏ ఆరు?

నియమం 14 క్లబ్బులు మించకూడదంటుంది గానీ కనీసం ఇన్ని ఉండాలని ఎక్కడా అనదు. తక్కువతో మొదలుపెట్టినవాళ్లు ఆట మధ్యలో 14 దాకా కలుపుకోవచ్చు కూడా, కోర్సులో ఆడుతున్న మరొకరి క్లబ్ మాత్రం అరువు తీసుకోకూడదు.

సాఫీగా సాగే సెట్టు ఒకటి చెప్పాలంటే: 22 డిగ్రీల హైబ్రిడ్ (దూరపు దెబ్బలకు వాడే లావు తల క్లబ్), 6 ఐరన్, 8 ఐరన్, పిచింగ్ వెడ్జ్ (గ్రీన్ మీదికి బంతి ఎత్తి వేసేది), శాండ్ వెడ్జ్, పుటర్. లాఫ్ట్ కోణాలు (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణాలు) సుమారు 22, 29, 37, 45, 55 డిగ్రీలుగా పడతాయి, మెట్ల మధ్య పెద్ద గండి ఉండదు. 6, 8, పిచింగ్ వెడ్జ్ బదులు 5, 7, 9 ఐరన్లు పట్టుకెళ్లేవాళ్లూ ఉన్నారు. అప్పుడు 9 ఐరన్‌కూ శాండ్ వెడ్జ్‌కూ మధ్య ఎడం పెరిగి, సరిగ్గా గ్రీన్ దగ్గరపడ్డాక సగం స్వింగులతో సర్దుకోవాల్సి వస్తుంది. సరి సంఖ్యల సెట్టే మేలు. ఈ ఆరింటి బరువు రెండు కిలోల ఆరు వందల దగ్గర తేలుతుంది.

డ్రైవర్ వద్దనడానికి కారణం బరువు కాదు, పొడుగు. 115 సెం.మీ. దాకా ఉండే కర్రను 82 సెం.మీ. లోతున్న సంచిలో పెడితే 33 సెం.మీ. బయట ఊగుతూ ఉంటుంది. ప్రతి అడుగుకీ మూతిని ఒక పక్కకు గుంజుతుంది. బస్సులో పై అరలో పెట్టినా నడవ వైపు పొడుచుకొస్తుంది. హైబ్రిడ్ మీటరు చుట్టుపక్కలే గనక ఆ పేచీ లేదు.

వెన్ను, మూతి

లోపల ఊచ లేని బ్యాగులు కొన్ని అరకిలో కన్నా తక్కువ తూగుతాయి. దుకాణంలో చేత్తో ఎత్తి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. క్లబ్బులు పెట్టి పట్టీతో ఎత్తగానే నడుము దగ్గర మడతపడి, గ్రిప్పులన్నీ (చేత్తో పట్టుకునే కొసలు) ఒక మూలకు చేరతాయి. క్లబ్ బయటకు వస్తుంది గానీ తిరిగి పెట్టడానికి రెండు చేతులూ కావాలి: ఒకటి మూతి తెరిచి పట్టుకోవడానికి, రెండోది దోపడానికి. తొమ్మిది హోల్స్‌లో నలభై యాభై సార్లు ఈ పని చేయాల్సిన వస్తువు ఇది.

ఒక్క ఊచ చాలు, అయితే అది పట్టీ కుట్టిన వైపే నిలువునా రావాలి. పట్టీ లాగే బరువు గుడ్డ మీద కాకుండా ఊచ మీద పడాలి. ఊచ ఒక పక్కన, పట్టీ ఎదుటి పక్కన ఉన్న బ్యాగులు భుజాన వేయగానే గిరుక్కున తిరుగుతాయి.

ఊచకు 8 మి.మీ. ఫైబర్ రాడ్డు గానీ, 12 మి.మీ. బయటి కొలత, ఒక మి.మీ. మందం ఉన్న అల్యూమినియం గొట్టం గానీ సరిపోతుంది. రెండూ మీటరుకు 90 నుంచి 100 గ్రాముల మధ్యే. కరెంటు వైరింగుకు వాడే పీవీసీ పైపు చవక, ప్రతి వీధిలోనూ దొరుకుతుంది, అందుకే ఊళ్లో కుట్టించుకునేవాళ్లు మొదట దాని మీదే చెయ్యి వేస్తారు. ఎండలో నిలిపిన బండిలో రెండు గంటలు ఉంటే అది మెత్తబడి వంగుతుంది, వంగింది తిన్నగా రాదు. వెదురు బద్ద బలంగానే ఉంటుంది గానీ చీలిక లేచి గుడ్డను లోపలి నుంచి కోస్తుంది, పుచ్చు పట్టే భయమూ ఉంది.

ఊచను రెండు ముక్కలు చేస్తేనే బ్యాగు చిన్న చుట్ట అవుతుంది. ఇక్కడ ఒక చిన్న కిటుకు: సరిగ్గా సగానికి కోయకూడదు. 41 సెం.మీ. దగ్గర అతుకు వస్తే అది పట్టీ కింది కుట్టు పక్కనే పడుతుంది, వంపు ఒత్తిడి ఎక్కువగా ఉండేదీ అక్కడే. కింద 30, పైన 52గా కోసి, అతుకు మీద 8 సెం.మీ. తొడుగు గొట్టం వేయాలి. ఊచ రెండు కొసలకూ రబ్బరు టోపీలు తప్పవు. మడత బ్యాగుల్లో మొదటి చిరుగు ఎక్కువగా ఊచ కొస పొడిచిన చోటే వస్తుంది.

మూతి కొలత 13 సెం.మీ. వ్యాసం దగ్గర ఉండాలి. 10 సెం.మీ. అయితే ఆరో క్లబ్ దగ్గర గ్రిప్పులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పుటర్ గ్రిప్ లావు గనక ముందు ఇరుక్కునేది అదే. 18 అయితే క్లబ్బులు విచ్చుకుని నడకలో ఖంగు ఖంగున మోగుతాయి, ఐరన్ అంచులు హైబ్రిడ్ గ్రాఫైట్ షాఫ్ట్‌ను గీస్తాయి. మూతిలో అడ్డంగా ఒక నవారు ముక్క కుట్టి రెండు అరలు చేస్తే గొడవ సగం తగ్గుతుంది: ఒక పక్క పుటర్, హైబ్రిడ్, రెండో పక్క ఐరన్లు, వెడ్జ్‌లు. అడ్డు మూతి దగ్గర ఉంటే చాలు. అడుగు దాకా గుడ్డ గోడ దించితే బరువు పెరుగుతుంది, క్లబ్ దింపుతుంటే ఆ గోడ కూడా దానితో పాటే ముడుచుకుపోతుంది.

లోతు 80 నుంచి 82 సెం.మీ. మించనివ్వకూడదు. పుటర్ పొడుగు 86, శాండ్ వెడ్జ్ 89 సెం.మీ. చుట్టుపక్కల ఉంటాయి. వాటి తలలు అంచు మీద కూర్చోవాలి, లోపలికి కూరుకుపోకూడదు.

పట్టీ ఎక్కడ కుట్టాలి?

ఎక్కువ బ్యాగులు చెడేది ఇక్కడే. క్లబ్ బరువంతా తల వైపు ఉంటుంది. 7 ఐరన్‌ను వేలి మీద నిలబెట్టి చూస్తే గ్రిప్ కొస నుంచి 71 సెం.మీ. దగ్గర తూగుతుంది. గ్రిప్పులు కిందికి పెట్టి ఆరు క్లబ్బులు సంచిలో దింపితే, వాటి బరువు కేంద్రం అడుగు నుంచి 70 సెం.మీ. ఎత్తున, అంటే మూతికి జానెడు లోపే ఉంటుంది. బంతులు, అర లీటరు నీళ్లు కింది జేబులో ఉంటే మొత్తం బ్యాగు కేంద్రం 60 సెం.మీ. దగ్గరకు దిగుతుంది. జేబు కిందికి పెట్టడం అందం కోసం కాదు. నీళ్లు తాగేసిన కొద్దీ కేంద్రం మళ్లీ పైకి జరుగుతుంది, చివరి హోల్స్‌లో బ్యాగు ముక్కు వాల్చడం మొదలెట్టేది అందుకే.

కాబట్టి పట్టీ పై కుట్టు 74 సెం.మీ. ఎత్తున, కింది కుట్టు 38 సెం.మీ. దగ్గర పడాలి. గుడ్డ మధ్య కొలత చూసుకుని 55, 25 దగ్గర కుట్టిన బ్యాగులు కనిపిస్తాయి. రెండు కుట్లూ బరువు కేంద్రానికి దిగువనే ఉన్నాయి గనక టీ (బంతిని నిలిపే చిన్న మేకు) గుచ్చడానికి వంగగానే మూతి నేల చూస్తుంది, క్లబ్బులు మెడ పక్క నుంచి జారి ముందుకు పడతాయి. పట్టీ సర్దేటప్పుడు భుజానికి పైన ఉండే భాగం పొట్టిగా, కింది భాగం పొడుగ్గా వదిలితే అడుగు కాస్త కిందికి వాలి ఉంటుంది.

చేతి పిడి కూడా లెక్క ప్రకారమే. కాళ్లు లేని బ్యాగును ప్రతి షాట్‌కూ గడ్డి మీద పెట్టి ఎత్తాలి. పిడి నడుమ భాగం 60 సెం.మీ. దగ్గర ఉంటే బ్యాగు మట్టంగా లేస్తుంది, భుజానికి ఎక్కించడం ఒక్క కదలికలో అయిపోతుంది. కాళ్లు అమర్చిన తేలిక బ్యాగులూ ఉన్నాయి. వంగే పని తప్పుతుంది, నడుము నొప్పి ఉన్నవాళ్లు అవే తీసుకోవాలి. ఆ కాళ్లు, వాటిని తెరిచే మీట కలిసి చాలా చోట్ల మరో అర కిలో దాకా చేరుస్తాయి, మడత కూడా అంత చిన్నగా రాదు.

పట్టీ వెడల్పు 50 మి.మీ., భుజం మీద పడే చోట 40 సెం.మీ. మేర ఫోమ్ దిండు. 25 మి.మీ. నవారుతో నాలుగు కిలోలు మోస్తే మూడో హోల్‌కే తెలిసొస్తుంది.

జూట్ ఎందుకు వద్దు?

నెల్లిమర్ల పేరు చెబితే జూట్ మిల్లు గుర్తొచ్చే జిల్లా గనక, జూట్ గుడ్డతో కుట్టిస్తే పోలా అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. బలంలో లోటు లేదు. తడితోనే చిక్కు. వాణిజ్య లెక్కల్లో జూట్‌కు ఒప్పుకున్న తేమ శాతం 13.75, నూలుకు 8.5, పాలిస్టర్‌కు 0.4. ఆ అంకెలు గాలిలోని తేమకే. మంచు పట్టిన పొద్దుటి గడ్డి మీద పెట్టి ఎత్తితే ఇంకా పీలుస్తుంది. వర్షాకాలంలో జూట్ సంచి ఒక వారం ఆరక, నల్లమచ్చలు పడి, గ్రిప్పులకు ఆ వాసన అంటిస్తుంది. నూలు కాన్వాస్ అంతకన్నా నయం, కానీ తడిస్తే బిరుసెక్కి చుట్టడానికి లొంగదు. పొందూరు ఖాదీ ప్రసక్తే ఇక్కడ లేదు, అంత సన్నని నేతను ఇనుప ముక్కల కింద పెట్టడం పాపం.

వాడాల్సింది పీయూ (పాలీయురెథేన్) పూత ఉన్న 600 డెనియర్ (దారం లావు కొలత) పాలిస్టర్, స్కూలు సంచులు కుట్టే గుడ్డ. పూత లోపలి వైపుకు రావాలి. లారీ టార్పాలిన్ మరీ బరువు. సీటు కవర్ల రెక్సిన్ మడతల దగ్గర పగులుతుంది.

ఊళ్లోనే కుట్టించుకుంటే

స్కూలు సంచులు, బండి సీట్లు, టార్పాలిన్లు కుట్టేవాళ్ల దగ్గర దీనికి కావలసిన మిషను ఉంటుంది. మామూలు బట్టల మిషను మీద నవారు నాలుగు పొరలయ్యే చోట సూది విరుగుతుంది. 58 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ ఒక మీటరు చాలు. ఒంటి ముక్క 88 సెం.మీ. పొడుగు, 45 వెడల్పు: పైన 4 సెం.మీ. మూతి మడతకు, మిగతాది కుట్టుబడికి. అడుగుకు 16 సెం.మీ. గుండ్రం. ఊచ గొట్టానికి 86 పొడుగు, 6 వెడల్పు పట్టీ. మిగిలిన గుడ్డలో జేబు వస్తుంది.

వరస ముఖ్యం. గుడ్డ పలకగా ఉండగానే ఊచ గొట్టం, జేబు, పట్టీ కుట్లు, పిడి అన్నీ పూర్తి చేయాలి. ఆ తరువాతే నిలువు కుట్టు వేసి గొట్టంగా మూయాలి, చివర అడుగు. మొదటిసారి కుట్టేవాళ్లు ముందు గొట్టం చేసేస్తారు. 13 సెం.మీ. మూతిలోంచి మిషను లోపలికి వెళ్లదు, అప్పుడు పట్టీని చేత్తో కుట్టాల్సి వస్తుంది, అది రెండు నెలలు నిలవదు.

పట్టీ కుట్టిన రెండు చోట్లా లోపలి వైపు అరచేయంత గుడ్డ అదనంగా వేసి, చతురస్రంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేయమని చెప్పాలి. దారం నైలాన్‌ది, సూది 18 నంబరు. అంగుళానికి ఆరేడు కుట్లకు మించకూడదు. గట్టిగా ఉంటుందని దగ్గర దగ్గరగా వేస్తే పూత గుడ్డ తపాలా బిళ్ల అంచులా ఆ వరసలోనే తెగుతుంది. కుట్టే ముందు గుండుసూదులు గుచ్చకుండా క్లిప్పులు పెట్టాలి, ఈ గుడ్డలో పడిన రంధ్రం పూడదు.

మూతి లోపల పెట్టే వలయానికి ఇనుప తీగ కన్నా ప్యాకింగ్ ప్లాస్టిక్ పట్టీ రెండు పొరలు మంచిది, చుట్ట చుట్టినప్పుడు వంగి, విప్పగానే గుండ్రంగా వస్తుంది. అడుగు బిళ్లకు పాత పెయింటు బక్కెట్ మూత సరిగ్గా సరిపోతుంది: 13 సెం.మీ. గుండ్రంగా కోసి, అంచు గరుకు కాగితంతో రుద్ది, పైన పల్చటి రబ్బరు షీటు అతికించాలి. గ్రిప్ కొసలు రోజూ పొడిచేది దాన్నే. అడుగు పక్కన రెండు ఇత్తడి ఐలెట్లు (కన్నాలకు బిగించే రింగులు) వేస్తే ఇసుక, నీళ్లు నిలవవు. జిప్పు నైలాన్ పళ్లదై ఉండాలి, లోహపు పళ్లు ఉప్పుగాలికి బిగుసుకుంటాయి. అంతా కలిపి అర కిలో, అటూ ఇటుగా.

ఇంటికి తీసుకెళ్లేలోపు ఒక పరీక్ష: ఆరు క్లబ్బులు, నీళ్లు పెట్టి భుజాన వేసుకుని, నేల మీద బంతి తీస్తున్నట్టు పూర్తిగా వంగాలి. క్లబ్ జారితే పై కుట్టు ఇంకా పైకి జరపాలి. దుకాణంలో కొనేవాళ్లకూ ఇదే పరీక్ష.

దారిలో, కోర్సులో

బస్సులో తలలన్నిటికీ కలిపి తువ్వాలు చుట్టి, మూతి కింద తాడుతో కట్టేయాలి. పై అరలో తలలు డ్రైవరు వైపు ఉండేలా పెడితే బ్రేకు వేసినప్పుడు క్లబ్బులు మూతిలోంచి ముందుకు జారొచ్చు, గ్రిప్పులు ముందుకు ఉండాలి. స్కూటరు మీద అడ్డంగా కట్టడం ప్రమాదం, మీటరు పొడుగు వస్తువు రెండు పక్కలా పొడుచుకొస్తుంది. వీపున ఏటవాలుగా వేసుకుని నడుము దగ్గర ఇంకో నవారుతో బిగించాలి. ఆటోలో పూర్తిగా లోపలే.

కోర్సులో బ్యాగును గ్రీన్ మీద పెట్టకూడదు. తరువాతి హోల్ మొదలయ్యే చోటు వైపు, గ్రీన్ అంచు బయట వదిలితే వెనక్కి నడిచే పని ఉండదు. సొంత బంతి పొరపాటున సొంత బ్యాగుకు తగిలితే 2019 నుంచి శిక్ష లేదు, ఆ కంగారు అక్కర్లేదు.

ఉప్పు, తేమ

తీరపు గాలిలో క్లబ్బులను బ్యాగులోనే వదిలేస్తే స్టీల్ షాఫ్ట్ మీద క్రోమ్ లేచిన చోటల్లా తుప్పు చుక్కలు పడతాయి. పూత లేని వెడ్జ్‌లకు రెండు రోజులు చాలు. ఇంటికి రాగానే క్లబ్బులు తీసి పొడిగుడ్డతో తుడవాలి, వెడ్జ్ ముఖానికి కుట్టు మిషను నూనె పల్చగా రాయొచ్చు. గ్రిప్‌కు నూనె తగలకూడదు, దానికి సబ్బు నీళ్లే. బ్యాగును మంచి నీళ్లతో కడిగి, తలకిందులుగా నీడలో ఆరవేయాలి. ఎండలో వేస్తే త్వరగా ఆరుతుంది నిజమే, కానీ పాలీప్రొపిలీన్ నవారు ఎండకు పెళుసెక్కి పొడి రాలుతుంది. పట్టీ మీద తెల్లటి నూగు కనిపిస్తే ఇక నమ్మకూడదు, మార్చేయాలి.

పీయూ పూతకు వేడి, తేమ రెండూ కలిస్తే చేటు. పాలిథిన్ కవరులో చుట్టి కారు డిక్కీలోనో, డాబా కింద అటక మీదో నెలల తరబడి ఉంచిన బ్యాగు లోపల జిగురు జిగురుగా మారి పొరలు ఊడుతుంది. అది మురికి కాదు, పూత విరిగిపోవడం. కడిగితే పోదు, ఆ గుడ్డ పని అయిపోయినట్టే. ఊచ బయటకు తీసి, మడత పెట్టకుండా వదులుగా చుట్టి, గాలి తగిలే చోట ఉంచాలి. ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే పూత ముందు పగిలేది ఆ గీత దగ్గరే. జిప్పు కదలడం లేదంటే కొవ్వొత్తి ముక్కతో పళ్ల మీద రెండుసార్లు రుద్దితే చాలు. స్లైడరే తుప్పు పట్టి ఉంటే మాత్రం బలవంతంగా లాగకుండా స్లైడర్ ఒక్కటీ మార్పించుకోవాలి, దానికోసం జిప్పంతా విప్పనక్కర్లేదు.